అతిథి వాటా

బెన్ గర్దాన్,
ఫిబ్రవరి 20, 1994.

తమ్ముడు లజ్హర్‌కి,

దేవుడి పేరుతో మొదలుపెట్టి, నీ రెండు కళ్ళనూ ముద్దుపెట్టుకుని రాస్తున్నాను. మీ బావ బతికే ఉన్నాడు. ఈ మాట ముందు రాయకపోతే మిగతాది చదివేలోపు నీ గుండె ఆగుతుంది. మన కుటుంబంలో ఈ ఏడాదికి ఒక గుండె చాలు.

జనవరి చివర్లో ఎల్ వారా మేత నేలల్లో ఒంటెలకు నీళ్ళు తోడుతూ తోడుతూ బావి గట్టు మీదే కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమటలు, ఎడమ చెయ్యి లాగేస్తోందన్నాడు. ట్యూనిస్‌కి అద్దె కారు నడిపే జెమాయి తన కారులోనే మెదనీన్ ఆసుపత్రికి చేర్చాడు. పన్నెండు రోజులు ఉంచారు. నీకు కబురు పెడతానంటే పెట్టనివ్వలేదు. "వాడికి బోలెడు పనులుంటాయి. నేను పోయాక చెప్పు, తీరిగ్గా వస్తాడు" అన్నాడు. మీ బావ దావ్ సంగతి నీకు తెలిసిందే.

డాక్టరు రోజుకు మూడు మాత్రలు రాశాడు, బతికినంతకాలం వేసుకోవాలట. దానికి మీ బావ పెద్దగా బాధపడలేదు. కానీ వెన్న, కొవ్వు మాంసం, పాలు మానేయమన్నాడు. అక్కడ మొదలైంది. "ఒంటెల వాణ్ణి పాలు మానమంటాడా! రేపొచ్చి గాలి కూడా మానమంటాడు" అని ఆసుపత్రి అంతా వినబడేలా అరిచాడు. ఇంటికొచ్చినప్పటి నుంచి ఆ అరుపు కూడా లేదు. ఇరవై ఆరు ఒంటెలున్న మనిషి మందకు వీపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంటున్నాడు. బార్లీ పిండి కలిపి పెడితే రెండు ముద్దలు తిని పక్కకి నెడుతున్నాడు. నాకు ఆ గుండెపోటు కన్నా ఈ మౌనమే ఎక్కువ భయంగా ఉంది.

నువ్వు పనిచేసేది పాలలో కొవ్వు సంగతి చూసే చోటే కదా. మీ బావ ప్రశ్న ఒక్కటే: "ఆవు పాలకీ ఒంటె పాలకీ ఒకటే చట్టమా? లజ్హర్‌ని అడుగు. వాడు చెప్తే వింటా." అందుకని మా ఒంటె షహ్బా పాలు ఒక సీసా జెమాయి చేత పంపుతున్నాను. మంచం దిగొద్దన్నా వినకుండా ఆయనే ఒంటికాలి మీద నిలబడి, మోకాలి మీద గిన్నె పెట్టుకుని పిండాడు. సీసాలో కూడా ఆయనే పోశాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. ఐసు పెట్టెలో ఉంది, కరగకముందే తీసుకో.

ఆయనకి చదువు రాదు. నువ్వు రాసేది నేనే చదివి వినిపించాలి. కాబట్టి అయిదో తరగతి చదివిన అక్కకి అర్థమయ్యేలా రాయి.

నీ అక్క,
మబ్రూకా

---

ట్యూనిస్,
మార్చి 14, 1994.

అక్కా,

బావ బతికే ఉన్నాడని నువ్వు ముందే రాసినా, ఆ మాట దగ్గరికే మూడుసార్లు వెనక్కి వెళ్ళి చదువుకున్నాను. ఇంకెప్పుడూ ఇలా దాచకు. నేను ఈ ఊళ్ళో ఉన్నది పరాయివాణ్ణి అయిపోవడానికి కాదు.

బావకి నా సలాం. పాలు చూశాను. పాలలో కొవ్వంటే ఒకటే పదార్థం కాదు బావా. దాన్ని విడగొడితే రకరకాల కొవ్వు ఆమ్లాలు బయటపడతాయి. ఒక్కొక్కటీ ఒక గొలుసు లాంటిది. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. రక్తనాళాల్లో పేరుకునేలా చేస్తాయని డాక్టర్లు భయపడే రకాలున్నాయి, మేలు చేస్తాయేమోనని మేం ఆశపడే రకాలూ ఉన్నాయి. ఆవు పాలతో పోలిస్తే ఒంటె పాలలో పొట్టి గొలుసులు చాలా తక్కువ, ఆశపడే రకాలు కొంచెం ఎక్కువ. ఉప్పు నేలల్లో పొదలు మేసే ఒంటెల్లో ఇంకొంచెం ఎక్కువ. మీ షహ్బా పాలలోనైతే, ఒక్క గిన్నెలో ఆ మంచి రకం ఎంతుందో చూసి మా పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. నేను ఇంతవరకూ కొలిచిన ఏ పాలలోనూ అంత లేదు. నువ్వడిగిన ప్రశ్నకి జవాబు: ఒకటే చట్టం కాదు.

కాగితం తిప్పండి. వెనక రాసింది ఇంకా ముఖ్యం.

ఇది ఒక్క సీసా. ఒక్క ఒంటె. పాలలో ఏముందో నేను చెప్పగలను కానీ, అది మనిషి గుండెలో ఏం చేస్తుందో ఇంకా ఎవరికీ గట్టిగా తెలియదు. రోజుకు ఒక చిన్న గిన్నె తాగొచ్చేమో మెదనీన్ డాక్టరునే అడగండి. మాత్రలు మాత్రం ఒక్కపూట కూడా మానకూడదు. పాలు మందు కాదు బావా. బతికించేవి మాత్రలే.

లజ్హర్

---

బెన్ గర్దాన్,
ఏప్రిల్ 3, 1994.

తమ్ముడూ,

నీ ఉత్తరం ఏం చేసిందో నువ్వు చూసి ఉండాల్సింది. చదవడం పూర్తయ్యాక మీ బావ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మంద దగ్గరికి వెళ్ళి షహ్బా మెడ కావలించుకున్నాడు. "నీ కడుపులో ఏముందో ట్యూనిస్ వాళ్ళకి కూడా తెలిసిపోయిందే" అని దానితో చెబుతున్నాడు. ఊరంతా తిరిగి అందరికీ చెప్పొచ్చాడు. తింటున్నాడు. అరుస్తున్నాడు. నిన్న టీ పల్చగా ఉందని నన్ను తిట్టాడు, నాకు ఏడుపొచ్చినంత పనయింది సంతోషంతో.

ఈసారి వాన కాస్త పడింది. దూడలు ఏడు. నీ ఆరోగ్యం జాగ్రత్త. ఇంతకంటే విశేషాలు లేవు.

మబ్రూకా

---

ట్యూనిస్,
ఏప్రిల్ 22, 1994.

అక్కా,

దూడల లెక్క రాశావు, వాన సంగతి రాశావు. మాత్రల సంగతి రాయలేదు. బావ వేసుకుంటున్నాడా? ఎన్ని గిన్నెలు తాగుతున్నాడు? డాక్టరును అడిగారా?

ఇక్కడ పని జోరుగా ఉంది. జూన్‌లో సూస్‌లో పెద్ద సభ ఉంది, అక్కడ నేను షహ్బా పాల గురించి చదవాలని మేడమ్ తేల్చేసింది. పద్నాలుగేళ్ళుగా సీసాలు కడిగిన నా పేరు మొదటిసారి కాగితం మీద పైన ఉంటుంది. ఒక పత్రికతను అప్పుడే వచ్చి "గుండెకు ఒంటె పాలు" అని నాలుగు ముక్కలు రాసుకుపోయాడు. మీ వైపు నుంచే ఇంకో ముగ్గురి పాలు కూడా తెప్పించాను. వాటిలో కొవ్వు మీ పాలలో సగం కూడా లేదు. నీళ్ళు కలిపి ఇచ్చినట్టున్నారు. పట్టికలోంచి తీసేశాను.

మాత్రల సంగతి రాయి.

లజ్హర్

---

బెన్ గర్దాన్,
మే 11, 1994.

లజ్హర్,

నీళ్ళు కలిపారా? ఎవరు? ఆ ముగ్గురిలో ఒకడు మన అమ్మార్ మామ. నీకు సున్తీ చేసిన రోజు నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న మనిషి. పాలలో నీళ్ళు కలపడం కంటే ఆయన చెయ్యి నరుక్కుంటాడు. నువ్వన్న మాట ఇక్కడ ఎవరికైనా తెలిస్తే మనం తలెత్తుకు తిరగగలమా? పట్నంలో నీళ్ళపాలు తాగీ తాగీ అందర్నీ ఒకే కళ్ళతో చూస్తున్నావు. వాళ్ళేదో సర్కారు పని అనుకుని, పొద్దున పిండిన గిన్నెలోంచి సీసా నింపి ఇచ్చి ఉంటారు. అంతకు మించి ఏ పాపం చేయలేదు.

మీ పత్రిక ముక్క ఇక్కడికి కూడా వచ్చింది. జెమాయి తెచ్చి మీ బావకి చదివి వినిపించాడు. ఆయన దాన్ని మడిచి తలపాగాలో పెట్టుకు తిరుగుతున్నాడు.

ఒక పొరుగావిడ అడగమంది. ఆవిడ భర్తకి కూడా గుండె జబ్బే. రోజూ వేసుకునే మాత్రలు మానేస్తే ఎన్నాళ్ళ వరకూ ఏమీ కాదు అని అడుగుతోంది. తీరికైనప్పుడు రాయి.

మబ్రూకా

---

ట్యూనిస్,
మే 16, 1994.

అక్కా,

మన పక్కన గుండె జబ్బున్న పొరుగువాడు ఎవడూ లేడు. నాకు తెలియదనుకున్నావా?

ఎన్ని రోజులైంది? ఇప్పుడే చెప్పు. ఈ ఉత్తరం తెచ్చిన జెమాయిని కదలనివ్వకుండా నిలబెట్టి, అక్కడే జవాబు రాసి పంపు. మాత్రల పెట్టెలు మూడు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ముందు మెదనీన్ తీసుకెళ్ళండి, డాక్టరు చెప్పినట్టు వేయండి.

లజ్హర్

---

బెన్ గర్దాన్,
మే 19, 1994.

తమ్ముడూ,

జెమాయి టీ తాగుతున్నాడు. ఆ టీ అయ్యేలోపు నిజమంతా రాసేస్తాను, లేకపోతే మళ్ళీ ధైర్యం చాలదు.

నీ మార్చి ఉత్తరం వెనక వైపు నేను చదవలేదు. ముందు ఒక్కదాన్నే కళ్ళతో చదివాను, ఆయన ముందు నోటితో చదవలేదు. "ఒకటే చట్టం కాదు" అన్న మాట వినగానే ఆయన మొహం చూశాను. నెలన్నర తర్వాత ఆ మొహంలో మా ఆయన కనిపించాడు. కాగితం తిప్పలేకపోయాను లజ్హర్. రేపు చదువుదాం అనుకున్నాను. ఆ సాయంత్రమే మాత్రల పెట్టె ఒంటెల కొయ్య పక్కన ఇసుకలో పాతిపెట్టి వచ్చాడు. అరవై రోజులకు పైనే అయింది. రోజుకు ఆరు గిన్నెలు తాగుతున్నాడు.

నాలుగు రోజుల కిందట బావి దగ్గర మళ్ళీ నొప్పి వచ్చింది. తాడు వదిలేసి బాల్చీ బావిలో పడేశాడు. ఒంటె తన్నిందని చెప్పాడు. ఒంటె అప్పుడు గుట్ట అవతల ఉంది.

ఆ రోజే నీ పాత ఉత్తరం తీసి, వెనక వైపు మొత్తం చదివాను. నెమ్మదిగా, వేలు పెట్టి చూపిస్తూ. అంతా విని నవ్వాడు. "అప్పుడు లేని మాటలు ఇప్పుడెక్కడి నుంచి వచ్చాయే? నాకు మాత్రలు మింగించాలని నువ్వే అల్లావు. పత్రికలో వాళ్ళు కూడా అబద్ధం రాశారా?" అన్నాడు. ఇందాక జెమాయి తెచ్చిన నీ ఉత్తరం కూడా చదివాను. "ఇదీ నువ్వే అల్లావు" అన్నాడు. జెమాయిని చదవమంటే, "వాడు మీ పక్క మనిషి" అంటున్నాడు. మెదనీన్ మాటెత్తితే లేచి వెళ్ళిపోతున్నాడు. "నా బామ్మర్దికి పంపినవి ఏ పాలో నాకు తెలుసు. వాటి ముందు మాత్రలెంత!" అంటాడు.

ఒక్కసారి అబద్ధం చదివాను. ఇప్పుడు నిజం చదివే నోరు లేకుండా పోయింది. ఆయనకేమన్నా అయితే చంపింది నేనే. జెమాయి గ్లాసు బోర్లించాడు.

మబ్రూకా

---

ట్యూనిస్,
మే 24, 1994.

అక్కా,

నువ్వొక్కదానివే కాదు. నేనూ ఒకటి దాచాను.

ఆ ముగ్గురి పాలలో నీళ్ళు లేవని నాకు ముందే తెలుసు. నీళ్ళు కలిస్తే కొవ్వుతో పాటు మిగతావన్నీ పల్చబడాలి. వాటిలో కొవ్వు ఒక్కటే తక్కువ. తేడా వాళ్ళ పాలలో లేదు, మన పాలలో ఉంది. అదేమిటో వెతకడానికి మనసొప్పలేదు. వెతికితే సూస్ పోతుంది, నా పేరు పోతుంది. అందుకని అమ్మార్ మామ మీద పడేశాను. రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఇప్పుడు నీ ఉత్తరంలో బావ అన్న మాట చదివాక నిద్రలోంచి లేచినట్టయింది. "ఏ పాలో నాకు తెలుసు" అన్నాడు కదా. మన నాన్న డేరాలో పాలు పిండే పద్ధతి గుర్తుందా? ముందు దూడని వదిలేవాడు. తర్వాత మొదటి గిన్నె ఇంట్లో వాళ్ళకి. చివర్న వచ్చే చిక్కటి నురగ ధారలు వేరే గిన్నెలో పట్టేవాడు. అది అతిథి వాటా. అతిథి లేని రోజు మళ్ళీ దూడకే. మనం ఆ గిన్నెలో వేలు ముంచితే మొట్టికాయ పడేది.

అక్కా, పాలలో కొవ్వు చివరి ధారల్లోనే ఎక్కువ దిగుతుంది. మొదటి ధారల కన్నా రెండింతలు, ఒక్కోసారి ఇంకా పైన.

ఈ ఉత్తరం ఆయనకి చదవకు. నీ మీద నమ్మకం లేదన్నాడు కదా, నమ్మాల్సిన పనే లేదు. ఒక్క ప్రశ్న అడుగు: "లజ్హర్‌కి పంపిన సీసాలో పోసింది ఏ గిన్నె పాలు?" జవాబు ఆయన్నే చెప్పనివ్వు. తర్వాత ఇంకో ప్రశ్న: "నువ్వు రోజూ తాగేది ఏ గిన్నె?" అంతే. మూడో మాట నువ్వు మాట్లాడొద్దు.

జెమాయి వెళ్ళే తొందరలో ఉన్నాడు. జవాబు వచ్చేదాకా నాకు ఇక్కడ పని సాగదు.

లజ్హర్

---

బెన్ గర్దాన్,
జూన్ 1, 1994.

తమ్ముడూ,

అడిగాను.

షహ్బా కాళ్ళకి కట్లు విప్పుతున్నాడు అప్పుడు. "సీసాలో పోసింది ఏ గిన్నె?" అన్నాను. తలెత్తి నా వైపు చూసిన చూపు ఉందే, నేనేదో బూతు మాట అన్నట్టు చూశాడు.

"ఏ గిన్నేంటి? వాడు నా బామ్మర్ది. పదిహేనేళ్ళ తర్వాత నా మందలోంచి వాడికి ఒక సీసా పోతోంది. ఇంట్లో తాగే పల్చటి పాలు పంపుతానా? అతిథి వాటాయే పంపా. రెండు పూటలవి కలిపి, నురగతో సహా."

"మరి నువ్వు తాగేది?"

"మొదటి గిన్నె. ఇంకేం తాగుతా? నా ఇంట్లో నేను అతిథినా?"

నేను మూడో మాట మాట్లాడలేదు. ఆయన కట్టు సగం విప్పి ఆగిపోయాడు. తలపాగాలోంచి ఆ పత్రిక ముక్క తీశాడు. చదవడం రాని మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే వాళ్ళు మెచ్చుకున్న పాలు నేను జన్మలో తాగలేదు" అన్నాడు. షహ్బాని తోలేసి వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

అప్పుడు ఏడ్చాను. కాగితం వెనక వైపు సంగతి ఒప్పుకున్నాను, కాళ్ళు పట్టుకున్నాను. కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"ఊరుకోవే. ఇసుక మీద అడుగు చూసి ఏ ఒంటె ఎటు పోయిందో చెప్పేవాణ్ణి. నా కళ్ళముందు నువ్వు కాగితం తిప్పకుండా మడిస్తే చూళ్ళేదనుకున్నావా? వెనక సిరా మరకలు కూడా కనబడ్డాయి. ఏదో ఉందని తెలుసు. తిప్పమని నేనూ అడగలేదు కదా."

"మరి తర్వాత చదివితే అల్లానన్నావేంటి?"

"నమ్మక కాదు. నమ్మాలనిపించక."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఇంత నిజం వినడం ఇదే మొదలు.

మర్నాడే మెదనీన్ వెళ్ళాం. డాక్టరు చాలా తిట్టాడు, మీ బావ తల వంచుకుని పడ్డాడు. గుండె ఇంకొంచెం దెబ్బతిందట. బావి తాడు ఇక ముట్టుకోకూడదట. మళ్ళీ మాత్రలిచ్చాడు. పాలు రోజుకు ఒక్క చిన్న గిన్నె చాలన్నాడు.

ఇంటికొచ్చి మాత్రలు అరచేతిలో పెట్టుకుని గంటసేపు వాటి మొహం చూశాడు. చివరికి అన్నాడు: "పిలవకుండా వచ్చాడు వీడు. అయినా గుమ్మం దాకా వచ్చిన అతిథి కదా. మూడు రోజులు ఉండనిస్తా. మర్యాద అంతవరకే. నాలుగో రోజు వీడి దారి వీడిది."

మింగాడు. కానీ దావ్ మాట అంటే మాటే, నీకు తెలుసు. ఈ రోజు రెండో రోజు. రేపటితో మర్యాద తీరిపోతుంది. ఎల్లుండి ఏమవుతుందో నాకు తెలియదు. పక్కనే కూర్చుంటున్నాను.

మబ్రూకా

---

ట్యూనిస్,
జూన్ 7, 1994.

అక్కా,

నాలుగో రోజు ఏమైంది? ఏమైంది?

మేడమ్‌కి అంతా చెప్పేశాను. అతిథి వాటా అంటే ఏమిటో వివరించడానికే అరగంట పట్టింది. ముందు కోప్పడింది, తర్వాత మొహం తిప్పుకుని నవ్వింది. "యంత్రానికి మర్యాద చేశాడన్నమాట మీ బావ" అంది. సూస్ లేదు. పట్టిక చింపేశాను. మంచి రకం ఆమ్లాలు ఒంటె పాలలో ఎక్కువన్నది నిజమే, కానీ ఒక్క గిన్నెలో ఎంతన్నది మళ్ళీ మొదటి నుంచీ కొలవాలి. పత్రికతను దిద్దుబాటు వేయనన్నాడు. రోజూ వెళ్ళి వాళ్ళ గుమ్మం దగ్గర నిలబడుతున్నాను, వేసేదాకా నిలబడతాను. నా మాట నమ్మి ఇంకెవరు మాత్రలు పాతిపెట్టారో అని భయంగా ఉంది.

అమ్మార్ మామ మీద నేనన్న మాట ఆయనకి తెలియదు. అయినా వచ్చి ఆయన ముందే ఒప్పుకుంటాను. తిడితే తిట్టనీ.

నాలుగో రోజు సంగతి రాయి అక్కా.

లజ్హర్

---

బెన్ గర్దాన్,
జులై 9, 1994.

తమ్ముడూ,

జవాబు ఆలస్యమైంది. దూడలకి గజ్జి, జెమాయి కారు పది రోజులు మూలపడింది. ముందు నీ ప్రశ్నకి.

నాలుగో రోజు పొద్దున నేను మాత్రలు తీసి పళ్ళెంలో పెట్టలేదు. ఆయన మర్యాద ఆయనిష్టం అనుకున్నాను. ఆయన లేచాడు, మొహం కడిగాడు, గుమ్మంలోకి వెళ్ళి ఆకాశం చూశాడు. తిరిగొచ్చి, "అతిథి ఇంకా పళ్ళెంలోకి రాలేదేం?" అన్నాడు. "మూడు రోజులైపోయాయిగా" అన్నాను. "బయట ఇసుక గాలి లేచేలా ఉంది. ఇలాంటప్పుడు ఎవణ్ణన్నా బయటికి పంపుతామా? ఇంకో మూడు రోజులు ఉండనీ" అన్నాడు. బయట ఆకు కూడా కదలడం లేదు.

జెమాయి చేత రెండు సీసాలు పంపుతున్నాను. రెంటికీ మెడ దగ్గర మీ బావ మంద గుర్తు వేసి, దారంతో ముళ్ళు వేశాడు. ఒక ముడి ఉన్నది ఇంటి గిన్నె, రెండు ముళ్ళున్నది అతిథి గిన్నె. "ఈసారి మర్యాద చెయ్యట్లేదని వాడికి చెప్పు. తప్పుగా అనుకోవద్దను" అన్నాడు. అమ్మార్ మామ కూడా తన ఇంటి గిన్నెలోంచి ఒక సీసా ఇచ్చాడు. నువ్వొచ్చి ఒప్పుకునేదాకా నేనేం చెప్పను.

బావి తాడు ఇప్పుడు నేను లాగుతున్నాను. ఆయన గట్టు మీద కూర్చుని నేను లాగే పద్ధతి మీద వంకలు పెడుతున్నాడు. పాలు మాత్రం తనే పిండుతాడు. మొన్న చివరి ధారలు వేరే గిన్నెలో పట్టి నా చేతికిచ్చాడు. ఎవరొచ్చారని గుమ్మం వైపు చూశాను. "ఎవరూ రాలేదు, తాగు" అన్నాడు. ముప్పైయేళ్ళుగా ఆ గిన్నె కడిగాను లజ్హర్, అందులో పాలు ఎలా ఉంటాయో మొన్నే తెలిసింది.

మాత్రలు వచ్చి ఈ రోజుకి నలభై రోజులు. ప్రతి మూడో రోజూ నేను అడుగుతాను, "రేపు వెళ్ళిపోతాడా మరి?" అని. ఆయన గుమ్మంలోకి వెళ్ళి ఆకాశం చూసి వస్తాడు.

"గాలి ఇంకా తగ్గలేదే" అంటాడు.

నీ అక్క,
మబ్రూకా